సీనియర్ ఇచ్చేది 10,000, ఈఎంఐ 7,600

ప్రశ్న: సార్, నాకు 25 ఏళ్లు. ఐదేళ్ల లా కోర్సు చేసి 14 నెలల కిందట బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయ్యాను. హైదరాబాద్‌లో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేస్తున్నాను. నెలకు 10,000 నగదుగా ఇస్తారు. ఖమ్మం నుంచి నాన్న 4,000 పంపుతారు. హాస్టల్‌కు 6,500 పోతుంది. 4.5 లక్షల ఎడ్యుకేషన్ లోన్‌కు నాలుగు నెలలుగా 7,600 ఈఎంఐ కడుతున్నాను. క్రెడిట్ కార్డు బాకీ 38,000 అయింది. జడ్జి పరీక్ష కోచింగ్‌కు 1.2 లక్షల పర్సనల్ లోన్ తీసుకోనా? లేక 32,000 జీతంతో వచ్చిన కంపెనీ ఉద్యోగంలో చేరిపోనా? రోజూ టెన్షన్‌గా ఉంటోంది. (పేరు వద్దు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పంపిన ఖర్చుల కాగితం రెండుసార్లు చదివాను. జిరాక్స్ 40, స్టాంపులు 100, మళ్లీ జిరాక్స్ 65, సర్టిఫైడ్ కాపీ... ఇలా నెలంతా రాసి కింద 1,400 అని గీత గీశారు. అవి మీ ఖర్చులు కావు, క్లయింట్ల కేసుల ఖర్చులు. అంటే మీకు ముట్టేది 10,000 కాదు, 8,600. ముందుగా అడగాల్సింది జీతం పెంచమని కాదు, ఈ డబ్బు. వారానికోసారి ఫైలు పేరుతో సహా చీటీ రాసి శనివారం సాయంత్రం సీనియర్ గారి బల్ల మీద పెట్టండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

స్టైపెండ్ సంగతికొస్తే, జూనియర్లకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. కానీ అది సిఫారసే, ఇవ్వకపోతే శిక్ష లేదు. ఆ కాగితం చూపించి వాదిస్తే సంబంధం చెడటం తప్ప లాభం ఉండదు. దానికి బదులు, 'ఈ ఆరు చెక్ బౌన్స్ కేసులు వాయిదాల నుంచి క్రాస్ ఎగ్జామినేషన్ దాకా నేనే చూసుకుంటాను, ఫీజులో కొంత ఇప్పించండి' అని అడగండి. పని చూపించి అడిగితే కాదనడం కష్టం. ఏది ఇచ్చినా బ్యాంకు ఖాతాలో వేయమనండి. పన్ను పడకపోయినా ఏటా రిటర్న్ వేయండి. రేపు మీ పేరున లోన్ కావాలంటే మొదట అడిగేది అవే.

కోచింగ్ కోసం లోన్ ఇప్పుడు వద్దు. సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు ఇచ్చింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక నమోదు) తేదీ నుంచి లెక్క, కాబట్టి మీకింకా 22 నెలలుంది. ఇప్పుడు తీసుకుంటే పరీక్ష రాసే అర్హత రాకముందే వడ్డీ మొదలవుతుంది. ఆ ప్రాక్టీసుకు పదేళ్ల అనుభవమున్న అడ్వకేట్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. అందుకే ఇవాళ్టి నుంచి వకాల్తాల్లో మీ పేరు కూడా ఉండేలా చూసుకోండి. ఏ కోర్టులో ఏ కేసులో హాజరయ్యారో తేదీలతో డైరీ రాయండి.

కంపెనీలో పూర్తికాలం జీతానికి చేరితే బార్ కౌన్సిల్‌కు చెప్పి ప్రాక్టీసు ఆపాలి. ఆ మూడేళ్ల లెక్క అక్కడితో ఆగిపోతుంది. 32,000 తక్కువేం కాదు, ఇంటి పరిస్థితి తెలిసి మీరు చేరితే తప్పనను. కానీ మీకు కోర్టే ఇష్టమని ఉత్తరం నిండా కనిపిస్తోంది. నా మాటగా చెప్పాలంటే, జూనియర్‌గా ఉండే మూడేళ్లు చదువులో చివరి భాగమే. దానికి ఇంత ఖర్చని, ఫలానా తేదీకి ముగుస్తుందని ముందే రాసుకోవాలి. ఆ ఖర్చు కార్డు మీద మాత్రం పెట్టకూడదు. 22 నెలలూ ఈ సీనియర్ దగ్గరే ఉండాలని కూడా లేదు. ఆరు నెలల్లో ఏమీ మారకపోతే ఆఫీసు మారండి, వృత్తి కాదు.

ఇక లెక్క. ఈఎంఐ, హాస్టల్, జిరాక్స్, ఫోన్, బయటి తిండి కలిపి మీకు 17,500 అవుతోంది, వచ్చేది 14,000. లోన్ గడువు ఏడేళ్ల నుంచి 15 ఏళ్లకు పొడిగించమని బ్యాంకును అడగండి. మీ 10.5 శాతం వడ్డీకి ఈఎంఐ 5,000కు దిగుతుంది. మొత్తం వడ్డీ మాత్రం దాదాపు 1.9 లక్షల నుంచి 4.5 లక్షలకు పెరుగుతుంది. నాకూ అది నచ్చదు. అయితే రాబడి పెరిగాక ముందే కట్టేయొచ్చు, ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) లోన్ కాబట్టి పెనాల్టీ ఉండదు. ఈఎంఐ తగ్గి, జిరాక్స్ డబ్బు తిరిగొస్తే నెల ఖర్చు 13,500కు వస్తుంది.

కార్డుకు నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 38,000 మీద 1,330. మినిమమ్ డ్యూ కడుతూ పోతే ఇది తెగదు. ఇంట్లో గొలుసో గాజులో ఉంటే బ్యాంకులో పెట్టి కార్డు ఒక్కసారే మూసేయండి, వడ్డీ బాగా తగ్గుతుంది. ఆ బాకీ తీర్చడానికి సాయంత్రాలు లాసెట్ (లా కోర్సు ప్రవేశ పరీక్ష) రాసే పిల్లలకు పాఠాలు చెప్పండి. లా పరీక్షలకు కోచింగ్ ఇవ్వడం, లా పుస్తకాలు ఎడిట్ చేయడం అడ్వకేట్లకు బార్ కౌన్సిల్ నిబంధనలే అనుమతించాయి. నెలకు 4,000 వచ్చినా పది నెలల్లో బయటపడతారు. అక్కతో కలిసి ఆన్‌లైన్‌లో చీరలు అమ్మొచ్చా అని కూడా అడిగారు. మీరు స్వయంగా వ్యాపారం నడపకూడదు, ఆ ఆలోచన పక్కన పెట్టండి.

మీ రూమ్మేట్ ఫైనలియర్ అన్నారు కదా, ఈ మాట ఆమెకూ చెప్పండి: 2024 జూలై 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలే, ఎస్సీ ఎస్టీలకు 125. ఆ పేరుతో అంతకు మించి అడగకూడదు.

బ్యాంకుకు ఈ వారమే, ఒక్క ఈఎంఐ కూడా తప్పకముందే వెళ్లండి. తప్పితే మీ సిబిల్ స్కోరుతో పాటు నాన్నగారిదీ దెబ్బతింటుంది. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ఆర్నెల్ల స్టేట్‌మెంట్, మీరు రాసిన ఆ ఖర్చుల కాగితం పట్టుకెళ్లండి. నాన్నగారిని ఖమ్మం నుంచి ఒక రోజు రమ్మనండి. లోన్‌లో ఆయన కో-అప్లికెంట్, సంతకం కావాలి.