రాతి ఇంటికి సిమెంటు పడదా?

ప్రశ్న: మా అమ్మాయివాళ్ళు ఇంగ్లండులో, కాట్స్‌వోల్డ్స్ ప్రాంతపు పల్లెలో నాలుగువందల ఏళ్ళనాటి ఒక రైతు ఇంట్లో అద్దెకుంటున్నారు. గోడలు అడుగున్నర మందం రాయి. అయినా ఒక మూల నెమ్ము ఎక్కుతోందట. బయట సిమెంటు పూయించమని మా అల్లుడుగారు అడిగితే ఇంటివారు ససేమిరా అన్నారు. రాతికి సిమెంటు చేసే చెరుపేమిటి?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: రాయి కావాలంటే ధవళేశ్వరం గుట్టలకేసి చూసే డెల్టావాళ్ళం కనుక, రాతి గోడ అనగానే లోపలంతా గట్టి రాయే ఉంటుందనుకుంటాం. నిజానికి అక్కడి గోడకు లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి రాతి వరుసలు పేర్చి, నడుమ చిన్న రాళ్ళూ సున్నమూ మట్టీ కూరుతారు. వరుసలు విడిపోకుండా అక్కడక్కడ గోడ మందమంతా పట్టే పొడుగాటి రాళ్ళు అడ్డంగా వేస్తారు. తేనెరంగులో ఉండే ఆ సున్నపురాయి కొంత నీటిని పీల్చుకుంటుంది. వానకు తడిసిన గోడ, సందుల్లోని మెత్తని సున్నం గుండా గాలికి ఆరిపోతుంది. ఆ సందులను సిమెంటుతో మూసేసినా, గోడంతా సిమెంటు పూసేసినా లోపలి తడికి దారి ఉండదు; అది రాతిలోనే నిలిచి, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బి, రాతి ముఖాన్ని పొరలుగా రాలుస్తుంది.

చిత్రమేమిటంటే, గోడను పాడుచేసే ఆ గడ్డకట్టడమే పూర్వం పైకప్పుకు పలకలు చేసిపెట్టింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోన్స్‌ఫీల్డ్‌లో గనినుంచి తీసిన రాతిని తడి ఆరనివ్వకుండా చలికాలంలో ఆరుబయట ఉంచేవారు. లోపలి తేమ గడ్డకట్టి దాన్ని పలకలుగా చీల్చేది. మన బంగాళా పెంకులన్నీ ఒకే అచ్చులోవి. ఆ రాతి పలకలు చూరు దగ్గర పెద్దవిగా ఉండి, వరుస వరుసకూ తగ్గుతూ కొప్పు చేరేసరికి బాగా చిన్నవవుతాయి. పలక పైభాగాన తొలిచిన బెజ్జంలో ఓక్ చీల దూర్చి, వాసాలమీది బద్దెకు తగిలించేవారు. నీరు నిలవకుండా కప్పు వాలు దాదాపు 50 డిగ్రీలు ఉంచేవారు. కిటికీలపైన కనుబొమ్మలా ముందుకు పొడుచుకువచ్చే రాతి పట్టీ కూడా కారే నీటిని పక్కకు తోలడానికే.

ఇంటివారి పట్టుదలకు చట్టం కూడా కారణం కావచ్చు. 1947 చట్టంతో అక్కడ పాత కట్టడాలకు విస్తృతంగా జాబితాలు కట్టారు; జాబితాకెక్కిన ఇంటి రూపును అనుమతి లేకుండా మార్చడం నేరం. కెల్మ్‌స్కాట్ అనే పల్లెలో ఇటువంటి పాత రాతి ఇంటినే 1871లో అద్దెకు తీసుకున్న ఆంగ్ల కవి, కళాకారుడు విలియం మోరిస్, 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం స్థాపించాడు. పాత గోడలకు సున్నమే వాడమని ఆ సంఘం ఈనాటికీ చెబుతుంది.

అంతదూరం ఎందుకు? గుల్లసున్నం గానుగలో ఆడించి కట్టిన కోనసీమ మండువా లోగిళ్ళలో, ఈమధ్య సిమెంటు పూసినచోటే పెళ్ళలు ఊడటం మీరూ చూసే ఉంటారు. మేస్త్రీలు ఇసుకను తిట్టి ఊరుకుంటారు గానీ, ఆ తప్పు ఇసుకది కాదు.

మీ అల్లుడుగారిని ఆ మూల బయటికి వెళ్ళి చూడమనండి. ఎవరో ఎప్పుడో వేసిన సిమెంటు అతుకు ఉందా, చూరు కాలువ కారుతోందా, పూలమొక్కల మన్ను గోడకానుకుని లోపలి నేలకన్న ఎత్తుగా పెరిగిందా అని చూడాలి. మన్నయితే పారతో ఆయనే తీసేయవచ్చు. అతుకు గీకించి సున్నం నింపించడం మాత్రం ఇంటివారి పని.