కీమ్యాన్ డ్యూటీ ఎక్కిన అల్లుడికి

అల్లుడూ, నీకు రైల్వేల కీమ్యాన్ బీట్ ఇచ్చిన్రని అక్క ఫోన్ల చెప్పింది, మస్తు సంతోషమైంది. ఇగ రోజూ పట్టాలెంబడి నడిచి చూసుడే నీ పని. జమ్మికుంట దిక్కు పట్టాలెంబడి ఇరవై ఏండ్లు నడిచినోన్ని కాబట్టి చెప్తున్న, క్లిప్పులు కొట్టుడు బోల్టులు బిగించుడు మీ గ్యాంగు పెద్ద, మేట్ నేర్పుతడు, పట్టాల మీద కనవడే మనుషుల సంగతి మాత్రం ఎవ్వరు చెప్పరు.

లైన్ దాటేటోళ్ళు చానా మంది రోజూ దాటేటోళ్ళే, అందుకే వాళ్ళకి భయం పోయింది. ఎదురుంగ వచ్చే బండి మెల్లగ వస్తున్నట్టే కనవడతది గని గంటకి 110 కిలోమీటర్ల మీద వస్తే సెకండ్‌కి 30 మీటర్లు మింగుతది, ఎమర్జెన్సీ బ్రేక్ కొట్టినా ఆగేసరికి దగ్గర దగ్గర కిలోమీటరు. పట్టా పక్కన నిలబడితే ఏం కాదనుకుంటరు, రైలు పెట్టె పట్టా కంటే ముప్పావు మీటరు బయటికే ఉంటది. గూడ్స్ పోంగనే ఉరుకుతరు, దాని చాటుకి అవతలి లైన్ల ఇంకో బండి వస్తుంటది. రైల్వే చట్టం 147 సెక్షన్, వెయ్యి జరిమానా, ఆర్నెల్లు జైలు అని బెదిరిస్తే ఆ పూటకే పనిచేస్తది. నువ్వు చూడాల్సింది ఎందుకు దాటుతున్నరు అని. వానలకి అండర్‌పాస్‌ల నడుము లోతు నీళ్ళుంటే బడి పిల్లలు ఇంకెటు పోతరు? అది సెక్షన్ ఇంజనీర్‌కి కాయితం మీద రాసియ్యి, మళ్ళ మళ్ళ రాయి, నోటితోని చెప్తే గాలికి పోతది.

రెండో రకం మనుషులు చావాలని వచ్చేటోళ్ళు, వాళ్ళ సంగతి కష్టమైంది. 98ల, పత్తి పోయిన ఏడు, పొద్దుగూకంగ ఔటర్ సిగ్నల్ దగ్గర ఒకాయన కంకర మీద కూసున్నడు, నేను పక్కకి వచ్చినా చూడలే. తిడదామనే నోరు తెరిచిన, ఎందుకో "ఏ ఊరన్నా?" అన్న. పలకలే. "బీడీ ఉందా?" అన్న. జేబులు తడిమిండు, అగ్గిపెట్టె దొరికింది బీడీలు లెవ్వు. "గేటు కాడ ఉంటయి, పోదాం పా" అని లేపిన. గేటు కాడి గుమ్టీ గదిల చాయ్ తాగుకుంట పురుగు మందుల షాపు బాకీ అంతా చెప్పిండు, బామ్మర్దికి కబురు పెట్టి ఆయన వచ్చేదాకా కూసున్న. చావకు అని ఒక్క మాట అనలే.

నువ్వూ అంతే, తిట్టకు, పెండ్లాం పిల్లల్ని గుర్తుచేసి సిగ్గుపడగొట్టకు. అనుమానమొస్తే చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగనే అడుగు, అడిగితే లేని ఆలోచన పుడతదనేది వట్టి మాట. కేసయితదని అసలే భయపెట్టకు, 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చినంక ఆ బాధల ఉన్న మనిషిని శిక్షించొద్దనే ఉంది. లైన్ నుంచి దూరం తీస్కపో, ఒంటరిగ ఇడువకు, మనసు బాగలేనోళ్ళ కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కి నీ ఫోన్ నుంచే కలిపియ్యి, తెలుగుల మాట్లాడుతరు, రాత్రైనా ఎత్తుతరు. అంతకు ముందే స్టేషన్ మాస్టర్‌కి చెప్పు, "ఊరవతల చింతచెట్టు కాడ" అనకు, కరెంటు స్తంభం మీద కిలోమీటర్ నంబర్ చదివి చెప్పు, లోకో పైలట్లని హెచ్చరిస్తడు. బండి కనవడుతుంటే మాత్రం ఎర్రజెండా ఊపు, నువ్వు పట్టాల మీదికి దుంకకు, అక్కకి నువ్వొక్కనివే.

మనిషిని కాపాడ అందలేని రోజు కూడ వస్తది అల్లుడూ. నాకు రెండు సార్లు అయింది, తిండి సయించలే, ఎవ్వరికి చెప్పలే, తప్పు చేసిన. ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా.

సంచిల బిస్కెట్ ప్యాకెట్ ఒకటి పెట్టుకో. బీడీలు ఇప్పుడు ఎవరు తాగుతున్నరు.

మీ మామ