తండా బడికి పోతున్న నా బిడ్డకు

బిడ్డా, పోస్టింగ్ తండాల వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే బాధపడ్డది, నాకైతే మంచిగనే అనిపిచ్చింది. ఒకటి, రెండు తరగతులు నేనే తీసుకుంటా సార్ అని హెచ్ఎంకు ముందే చెప్పు.

మొదటి వారం పుస్తకం తియ్యకు, ఒక్కొక్కరిని పక్కన కూసోబెట్టుకొని విను అంతే. నా దగ్గర మూడో తరగతిల ఒక పిలగాడు ఉండె, పాఠం తీస్తే గడగడ చదివేటోడు, నేను గూడ మురిసిపోయిన. ఒకరోజు లైన్ నడుమ ఒక పదం మీద ఏలు పెట్టి ఇదేంది రా అంటే, వాడు లైన్ మొదటికి పోయి అంతా నోట్లె అనుకుంట వచ్చి ఆ పదం కాడ ఆగి అప్పుడు చెప్పిండు. రెండేండ్లు అక్షరం రాకుంటనే నెట్టుకొచ్చిండన్నట్టు!

ఇంకోటి నేను చేసిన తప్పే. బొమ్మ చూపెడితే ఒక పిల్ల మక్కకంకి అన్నది, నేను కాదు మొక్కజొన్న అనాలె అన్న, ఇగ ఆ పిల్ల చాన రోజులు నోరు తెరవలే. మక్క అనే రాస్తే ఏం పోయేది, మ, క, కింద క వత్తు, అన్నీ అండ్లనే ఉన్నయ్ గదా. నీ బడి పిల్లలకైతే ఇంట్ల లంబాడీ మాటే, తెలుగే ఉండదు, అమ్మను యాడి అంటరు, ఆ యాడినే బోర్డు మీద తెలుగు అక్షరాలల్ల రాయి, మొఖాలు చూడు ఎట్లయితయో.

అ నుంచి ఱ దాక వరుసపెట్టి వల్లె వేయించకు, ఒకటో తరగతి పిల్లకు ౠ తోని ఏం పని చెప్పు. బతుకమ్మ టైంల గునుగు పువ్వు తెమ్మను, గు ను గు, మూడక్షరాలు మూడు కొమ్ములు, మొదలు చివర ఒకటే, కొమ్ము ఒక్క పూటల వస్తది. వత్తులల్ల మాత్రం ఆగు. త న మ య ర ల, ఈ ఆరు వత్తులకు అక్షరం పోలికే ఉండదు, అమ్మ అని రాస్తే కింద మ ఏది మేడం అని అడుగుతరు, వాళ్లు అడిగేది కరెక్టే, ఈ ఆరు విడిగ చెప్పాలె.

2021ల వచ్చిన నిపుణ్ భారత్ అనే కేంద్రం చదువు పథకంల మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి 60 పదాలు చదవాలె అని పెట్టిండ్రు. మన తెలుగుల చదువుకుంటున్నరు అనేది గూడ ఒక్క పదమే, ఇంగ్లీషుల అదే రెండు మూడైతది, అందుకని ఫోన్ల టైమర్ పెట్టి పిల్లలను ఉరికియ్యకు. చదివినంక ఏమైందే కథల అని అడుగు, చెప్తే వచ్చినట్టు.

ఆదివారం హన్మకొండకు రా, నా అక్షరాల అట్టముక్కలు ఒక సంచి నిండ ఉన్నయ్, ఝ ఒకటి పోయింది గని దాంతోని పెద్దగ పని పడదులే.

మీ పెద్దమ్మ