‘ఏమో’ను వదలొద్దు: ఒక యువ రచయితకు

అనంతపురం

నాయనా,

నీ కథ అందింది. విత్తనకాయలు వలిచే చోటు బాగుంది. ఆ తర్వాత కథలో నాయన మబ్బు వంక చూసి, “బహుశా రేపు వర్షం పడవచ్చు” అన్నాడు. అక్కడే నాకు ఒళ్లు మండింది. కళ్యాణదుర్గం పక్క శెనక్కాయ రైతు అట్లా అంటాడా? “రేపు పడ్తాదేమో” అంటాడు.

‘బహుశః’ సంస్కృతంలో ‘చాలాసార్లు, పలు విధాల’ అని. మనం అనుమానానికి వాడుకుంటున్నాం. వ్యాసంలో వాడుకో, అడ్డు చెప్పను. కానీ మన మాటల్లో అనుమానం వాక్యం చివర క్రియను పట్టుకుని వస్తుంది. గడప దగ్గర తడి చెప్పులు కనబడితే “వచ్చినాడు కాబోలు”. ఎవరో చెప్తే “వచ్చినాడంట”. ఏ ఆనవాలూ లేక మనసు కొట్టుకుంటుంటే “వచ్చినాడేమో”. ఈ మూడూ ఒకటి కాదు. చెట్టెక్కిన బిడ్డతో తల్లి “పడ్తావేమో” అంటే అందులో భయం ఉంది. “తిన్నాడో లేదో” అంటే ఆ ‘ఓ’లోనే ఆమె ఆరాటమంతా ఉంది. వీటి బదులు ‘బహుశా’ పెట్టి చూడు, తల్లి మాయమైపోతుంది.

ఈ జబ్బు అంటించింది ఎడిటర్లే. నా తొలి కథలో కొడుకు ఉత్తరం రాని ముసలమ్మ “పని దొరకలేదేమో” అంటుంది. ఒక వారపత్రికాయన దాన్ని “బహుశా పని దొరికి ఉండకపోవచ్చు” అని దిద్ది అచ్చేశాడు. చదివి వినిపిస్తే మా అమ్మ, “ఆ యమ్మ ఎవరు, మనూరిది కాదే” అనింది. ఆ కోపం నాకింకా పోలేదు. 1820లో మీ కడపకొచ్చిన బ్రౌన్ దొర జనం వాడుక మాటలను కూడా తన నిఘంటువుకెక్కించి 1852లో అచ్చు వేయించాడు. మనవాళ్లేమో వాటిని పాత్రల నోట్లోంచే పీకేస్తున్నారు! మాండలికమంటే ‘యాడికి’, ‘ఏందిరా’ అని చల్లడమే అనుకునే ఫ్యాషన్ ఇప్పుడొకటి. నువ్వూ చల్లినావు. యాస అనేది పదాల్లో మాత్రమే ఉండదు, మనిషి అనుమానపడే తీరులో కూడా ఉంటుంది.

ఏ పత్రికకు పంపాలని అడిగినావు. అది తర్వాత. ముందు నాయన మాటలన్నీ పైకి చదివి, నోటికి అడ్డం తగిలినవి మార్చు. కానీ చివర్లో ఆయన బ్యాంకు మెట్ల మీద “ఇస్తారో, ఇయ్యరో” అని గొణిగేది ముట్టుకోకు. ఎవరు దిద్దమన్నా దిద్దొద్దు.

ఆశీస్సులతో.