టెక్ సందేహాలు: సెపియా వేసినంత మాత్రాన పాత పోస్టర్ అయిపోదు

ప్రశ్న: మా నాటక సమాజం వార్షికోత్సవానికి పాత సినిమా పోస్టర్ లాంటిది చేద్దామని ఫొటోకి వింటేజ్ ఫిల్టర్ వేశాను. మరకలు, మడతలు, గోధుమరంగు (సెపియా) అన్నీ వచ్చాయి గానీ ఆ కళ రాలేదు. తేడా ఎక్కడుంది? (తెనాలి)

ఆ పోస్టర్లు అచ్చయిన రోజున వాటికి మరకలూ లేవు, గోధుమరంగూ లేదు. లిథో (రాతి) అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద, తర్వాతి రోజుల్లో జింకు ప్లేటు మీద, చిత్రకారుడు చేత్తో గీసేవాడు. రంగు పెరిగితే ఇంకో ప్లేటు, ఇంకోసారి అచ్చు, ఇంకాస్త ఖర్చు. అందుకని కొద్దిపాటి సిరాలతోనే గట్టెక్కేవారు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ, పసుపు మీద ఎరుపు పడితే నారింజ. 19వ శతాబ్దం చివర పారిస్ గోడల మీద ఫ్రెంచ్ చిత్రకారుడు జూల్ షెరే పోస్టర్లు మెరిసింది కూడా ఈ పొదుపుతోనే. మీ ఫొటోలో లక్షల రంగులున్నాయి, అసలు చిక్కు అక్కడే. ఇంకోమాట: ఎండకు ముందు వెలిసేవి పసుపు, ఎరుపు సిరాలు. గోడ మీద పోస్టర్ నీలంగా మారడం మీరు చూసే ఉంటారు. కాబట్టి ఎండకు వెలిసినట్టు చూపించాలన్నా సెపియా తప్పే!

ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఇలా చేయండి. ఏ3 సైజుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3508 × 4961 పిక్సెళ్ల ఫైలు తెరవండి. ఫొటోలో రంగు తీసేసి 2, 3 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇవ్వండి. ఇది మానేస్తే అంచులు రంపపు పళ్లలా వస్తాయి. ఆ లేయర్‌కు మొత్తం మూడు కాపీలు చేసి, కలర్స్ మెనూలో, ఫొటోను నలుపు, తెలుపుగా విడదీసే త్రెషోల్డ్‌ను ఒకదానికి సుమారు 190, రెండోదానికి 130, మూడోదానికి 80 దగ్గర పెట్టండి. ముందు రంగుగా సిరా, వెనక రంగుగా తెలుపు ఎంచుకుని గ్రేడియంట్ మ్యాప్ వేస్తే 190ది పసుపు, 130ది ఎరుపు, 80ది ముదురు నీలం అవుతాయి. మూడింటికీ మల్టిప్లై మోడ్ (కింది రంగుతో కలిసి ముదిరేలా చేసేది) ఇచ్చి, అడుగున లేత మీగడ రంగు (ఎరుపు 243, ఆకుపచ్చ 232, నీలం 208) పరవండి. మొహం మీద వెలుగు పడేచోట పసుపు, చెంపల మీద నారింజ, జుట్టు దాదాపు నలుపు వస్తాయి. నలుపు సిరా వాడకుండానే.

ఇక పాత అచ్చులో రంగులు కాస్త తప్పి పడినట్టు కనిపించడానికి ఎరుపు లేయర్‌ను 3, 4 పిక్సెళ్లు పక్కకు జరపండి. 300 డీపీఐలో 12 పిక్సెళ్లు సుమారు ఒక మిల్లీమీటరు, కాబట్టి ఇది దానిలో మూడో వంతు. అంతకు మించితే కళ్లు బైర్లు కమ్ముతాయి. ప్రింటు మాత్రం గ్లాసీ పేపర్ మీద వద్దు, మెరుపు లేని మ్యాప్‌లిథో అడగండి. కాగితమే మీగడ రంగుదైతే అడుగు లేయర్ ఆపేయండి. లేకపోతే రంగు మీద రంగు పడి మురికిగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఫొటోషాప్‌లో టైటిల్ టైప్ చేస్తే వత్తులు విడిపోతున్నాయి. పాత టైటిళ్లలా అక్షరాలకు మందం ఎలా తేవాలి? (హైదరాబాద్)

ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి (పాత వెర్షన్లలో) 'వరల్డ్-రెడీ లేఅవుట్' ఎంచుకోండి. ముందే టైప్ చేసిన లేయర్‌కు పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో విడిగా మార్చాలి. టైటిల్ వరకైతే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ మేలు, అందులో వత్తులు వాటంతటవే కుదురుతాయి. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర బాగా లావుగా ఉంటుంది, టైటిల్‌కు నప్పుతుంది. టైప్ చేశాక 'ఆబ్జెక్ట్ టు పాత్', తర్వాత అన్‌గ్రూప్, ఆ తర్వాత 'యూనియన్'. చాలామంది తప్పేది యూనియన్ దగ్గరే. తెలుగులో అక్షరం, గుణింతం, వత్తు వేర్వేరు ముక్కలై ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి. కలపకుండా అంచు గీత ఇస్తే అక్షరం లోపల కూడా గీతలు తేలతాయి. కలిపాక ఎక్స్‌టెన్షన్స్‌లో 'జనరేట్ ఫ్రమ్ పాత్' కింద 'మోషన్' ఎంచుకుని, కోణం, పొడవు ఇస్తే మందం వచ్చేస్తుంది. పక్క భాగాలకు ముదురు ఎరుపు, ముందు భాగానికి పసుపు వేయండి.

ప్రశ్న: 20 × 30 అంగుళాల పాత పోస్టర్ ఉంది. నా దగ్గరున్నది ఏ4 స్కానర్. స్కాన్ చేస్తే చారలు పడుతున్నాయి. (విశాఖపట్నం)

ఆ చారలు మోయిరే. అచ్చులోని చుక్కల వరసకూ స్కానర్ పిక్సెళ్ల వరసకూ పొసగక వచ్చేవి. 600 డీపీఐలో టిఫ్‌గా స్కాన్ చేసి, 1.5 నుంచి 2 పిక్సెళ్ల బ్లర్ ఇచ్చి, ఆపై 300కు తగ్గించండి. మూడు అడ్డం, మూడు నిలువు, మొత్తం 9 ముక్కలు సరిపోతాయి. పక్కపక్క ముక్కలు 5 సెంటీమీటర్ల వరకు కలిసేలా చూడండి. స్కానర్ చట్రం దగ్గర కాగితం పైకి లేచి అంచు మసకబారుతుంది, అతికేటప్పుడు ఆ భాగం వదిలేయొచ్చు. ఆటో ఎక్స్‌పోజర్ తప్పనిసరిగా ఆపాలి, లేదంటే తొమ్మిది ముక్కలూ తొమ్మిది రంగుల్లో వస్తాయి. ఫొటోషాప్‌లో ఫొటోమెర్జ్ తెరిచి 'రీపొజిషన్' ఎంచుకోండి. గింప్‌లోనైతే పై ముక్కకు 'డిఫరెన్స్' మోడ్ ఇచ్చి, రెండూ కలిసేచోట నల్లబడేదాకా జరపండి. చిరుగులకు సెల్లోటేపు మాత్రం అంటించకండి, దాని జిగురు పచ్చబడి కాగితంలోకి దిగిపోతుంది.

ప్రశ్న: ఏఐతో పోస్టర్ గీయిస్తే తెలుగు అక్షరాలు పిచ్చిగీతల్లా వస్తున్నాయి. (గుంటూరు)

అక్షరాలు లేకుండా బొమ్మ మాత్రమే అడగండి. పైన మూడో వంతు ఖాళీ వదలమనండి. టైటిల్ ఇంక్‌స్కేప్‌లో మీరే పెట్టుకోండి.