పెరుజ్జీ మీద వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

ఫ్లోరెన్స్ మేయరు ఉబాల్దీనో పెరుజ్జీ మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రి చదివాను. మొదటి పేజీలో నది మీద పొగమంచు బాగుంది. రెండో పేజీలో "నగరాభివృద్ధికి విశేష కృషి చేశారు" అన్న చోట ఒళ్లు మండి కాగితాలు పక్కన పడేశాను.

విశేష కృషి అంటే ఏంటయ్యా? శిలాఫలకం మీద రాసే మాట అది. ఆయన కథలో అసలు సరుకు అప్పు. 1864లో ఇటలీ రాజధానిని టురిన్ నుంచి ఫ్లోరెన్స్‌కి మార్చే ఒప్పందం కుదిరినప్పుడు హోం మంత్రి ఆయనే. టురిన్ జనం వీధుల్లోకొస్తే కాల్పులు జరిగాయి, పదుల మంది పోయారు, ఆ మంత్రివర్గమూ పోయింది. దీన్నంతా నువ్వు "మంత్రిగా పనిచేశారు" అని తేల్చేశావు! 1865లో రాజధాని వచ్చింది. జుసెప్పే పోజ్జి అనే ఆర్కిటెక్టు పాత కోటగోడలు కూల్చి ఆ జాగాలో వెడల్పాటి రోడ్లు వేయించాడు, ఊరంతా కనిపించేలా కొండ మీద మైకెలాంజెలో పేరుతో ఆవరణ కట్టించాడు, ఖర్చంతా మునిసిపాలిటీని అప్పుల్లోకి దించింది. 1871లో రాజధాని రోముకి వెళ్లిపోయింది, బాకీలు మాత్రం ఫ్లోరెన్స్‌కే మిగిలాయి. అప్పుడు మేయరు ఎవరు? రాజధానిని తెచ్చిన మంత్రే! 1878కి నగరం దివాలా, ఆయన రాజీనామా. ఇంకో సంగతి, పెరుజ్జీలంటే ఒకప్పుడు ఇంగ్లండ్ రాజుకి అప్పులిచ్చి 1343లో దివాలా తీసిన బ్యాంకర్ల వంశం. అయిదు వందల ఏళ్లు దాటాక అదే ఊరు, అదే ఇంటిపేరు, అదే దివాలా. ఇంత సరుకు వదిలేసి నువ్వు ఆయన కోటు బొత్తాలు వర్ణించావు.

నాకూ ఇదెవరూ చెప్పలేదులే. ముప్ఫై ఏళ్ల కింద ఒక మునిసిపల్ చైర్మన్ జీవితం రాశాను. నెల రోజులు గుమాస్తాకి టీలు పోయించి రాసుకొచ్చిన కుళాయి పన్ను లెక్కలన్నీ ఒక ఎడిటరు కొట్టేసి "పాఠకులకి బోరండీ" అన్నాడు. అచ్చయ్యాక ఆ చైర్మన్ కొడుకే ఫోన్ చేసి, "బాగుంది గానీ సార్, ఇది ఏ ఊరి చైర్మన్‌కైనా సరిపోతుంది" అన్నాడు. ఆ ఎడిటరు గుర్తొస్తే ఇప్పటికీ బీపీయే.

పబ్లిషరు గురించి, ఇంకేదో అడిగావు, తర్వాత చూద్దాం. పెరుజ్జీ భార్య ఎమీలియా ఇంట్లో రచయితలు చేరి కబుర్లాడే పేరా ముట్టుకోకు. 1878 దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లు. బొత్తాలు తీసేసి పంపు.