నిరుడు తగిలిన వడదెబ్బకి ఇంకా వడ్డీ కడుతున్నారు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. రెండో అంతస్తులో అద్దెకి ఉంటున్నాం. మా పైన డాబాయే. నా జీతం 38,000. మా ఆవిడ ఇంట్లో మిషన్ కుట్టి 6,000 దాకా తెస్తుంది. ఇద్దరు పిల్లలు, అమ్మ ఉన్నారు. అమ్మకి 68 ఏళ్లు, బీపీ, షుగర్. నిరుడు మే నెలలో ఆవిడకి వడదెబ్బ తగిలితే మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. 36,000 బిల్లు క్రెడిట్ కార్డు మీద కట్టాను. నెలకి 1,600 చొప్పున 11 నెలలుగా కడుతున్నా ఇంకా 34,500 చూపిస్తోంది. రాత్రి పదకొండుకి కూడా పరుపు మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టే ఉంటోంది. ఈసారి అమ్మకి అలా కాకూడదని రెండు ఏసీలు, ఒక ఇన్వర్టర్ కొందామనుకుంటున్నాం. మొత్తం 1,25,000. ఒక లోన్ యాప్ 28 శాతం వడ్డీకి రెండేళ్ల లోన్ అయిదు నిమిషాల్లో ఇస్తానంటోంది. అది కాకపోతే నో కాస్ట్ ఈఎంఐ, మా ఆవిడ చీటీ పాడుకోవడం, గొలుసు తాకట్టు ఉన్నాయి. వీటిలో ఏది నయం? కార్డు, ఆర్డీ 2,000 సహా నెల ఖర్చు 39,000. ఆర్డీలో 46,000, బ్యాంకులో 18,000 ఉన్నాయి. ఆ యాప్ ఫోన్‌లో నంబర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి అడుగుతోంది.

జవాబు: నాలుగూ వద్దు. ఆ యాప్‌ని మాత్రం ఈ జవాబు చదవడం పూర్తయ్యేలోగా ఫోన్ నుంచి తీసెయ్యండి.

మీకు కోపం రావచ్చు. అమ్మ పడిపోతే కళ్లారా చూసిన మనిషికి లెక్కలు చెబుతున్నాడేమిటని అనుకోవచ్చు. ఆవిడకి చల్లని గది కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. 2015 మే నెల వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండ సంగతి తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. కానీ మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఎండ కాదు, ఆ కార్డు బాకీ. 36,000 అప్పుకి 11 నెలల్లో 17,600 కట్టారు. అసలులో తగ్గింది 1,500. మిగతా 16,000 పైచిలుకు వడ్డీకీ, ఆ వడ్డీ మీద జీఎస్టీకీ పోయింది. అమ్మ మూడు రోజుల్లో ఇంటికొచ్చేశారు. మీ జీతానికి తగిలిన వడదెబ్బ మాత్రం ఇంకా దిగలేదు.

ఆ రోజు మీ దగ్గర వేరుగా తీసిపెట్టిన 40,000 ఉండి ఉంటే ఈ ఉత్తరం మరోలా ఉండేది. ఏసీకి ఎంతవుతుందని అడిగేవారు, ఎక్కడ అప్పు చెయ్యాలని కాదు. ఈ కాలంలో నాకు వచ్చే ప్రశ్నల్లో చాలావాటిది ఇదే వరస, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను. వేసవి ఏటా వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు. తేదీతో సహా తెలిసిన ఖర్చుని అత్యవసరం అనుకుని అప్పు చేస్తున్నాం. నిజంగా అత్యవసరం వచ్చిన రోజున చేతిలో ఏమీ ఉండటం లేదు.

ఇప్పుడు మీ యాప్ లోన్ లెక్క చూద్దాం. 1,25,000కి 28 శాతం వడ్డీతో రెండేళ్లకి నెల వాయిదా దాదాపు 6,860 పడుతుంది. మొత్తం కట్టేది 1,64,600. ప్రాసెసింగ్ ఫీజు వేరు. అంత వరకూ మీరూ లెక్క వేసుకునే ఉంటారు. వేసుకోనిది కరెంటు.

మన దగ్గర ఇంటి కరెంటుకి శ్లాబులున్నాయి, అంటే వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. 2022 టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు. 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. మీ ఇంటి వాడకం 180 యూనిట్లు అనుకుందాం. కరెంటు చార్జీ 747 రూపాయలు. పై అంతస్తు గదిలో ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే రోజుకి ఎనిమిది యూనిట్లు లాగుతుందనుకోండి, నెలకి 240. మొత్తం 420 యూనిట్లకి బిల్లు 2,743కి వెళుతుంది, అంటే ఒక్క ఏసీకే రెండు వేలు. రెండు ఏసీలు వేస్తే 660 యూనిట్లు, 5,083. సర్దుబాటు చార్జీలు, సుంకం వీటికి అదనం. చివరి యూనిట్లు ఖరీదైన శ్లాబులో పడతాయి కాబట్టి రెండో ఏసీకి అయ్యే కరెంటు ఖర్చు మొదటిదానికంటే ఎక్కువ. వాయిదా, అదనపు కరెంటు కలిపితే నెలకి 11,000 దాటుతోంది. మీకు మిగిలేది 5,000. తేడా మళ్లీ ఆ కార్డు మీదకే వెళుతుంది. ఆగస్టు నాటికి మూడో లోన్ కోసం వెతుక్కుంటారు.

అయిదు నిమిషాల్లో డబ్బిచ్చేవాడు మీ మంచి కోసం తొందరపడటం లేదు. ఆ యాప్ మీ ఫోన్‌లో నంబర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగిందని మీ ఉత్తరం చివర రాశారు. అలా అడగకూడదని 2022లోనే రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. నిబంధనని లెక్కచెయ్యని వాళ్లు వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే మీ ఆఫీసు వాళ్లకి, మీ ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్లకి ఫోన్లు చెయ్యరన్న నమ్మకం ఏముంది? ఇప్పటికే వివరాలు ఇచ్చేసి ఉండి, బెదిరింపులు మొదలైతే 1930కి ఫోన్ చెయ్యండి. మిగతా మూడింటికీ తలా ఒక మాట చాలు. నో కాస్ట్ ఈఎంఐలో మీకు రావలసిన డిస్కౌంటే వడ్డీగా మారుతుంది. చీటీ ఇప్పుడే పాడుకుంటే తోపుడులో, అంటే ముందే తీసుకున్నందుకు వదులుకునే సొమ్ములో, పోయేది మీ ఆవిడ కుట్టిన డబ్బు. గొలుసు ఆసుపత్రి లాంటి అవసరానికి అట్టే పెట్టండి, ఏసీకి కాదు.

మరి ఏం చెయ్యాలి? ముందు ఆర్డీ తీసెయ్యండి. ఆరేడు శాతం వడ్డీ వచ్చేచోట డబ్బు దాచుకుని, ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతున్నారు. కార్డు మీద నెలకి 3.5 శాతం అంటే అంతే మరి. 46,000లో 34,500 కార్డుకి ఒకేసారి కట్టెయ్యండి. మిగిలే 11,500, బ్యాంకులో ఉన్న 18,000 కలిపితే 29,500. దీన్ని జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి అందులో వెయ్యండి. ఆ ఖాతాకి ఫోన్‌లో యూపీఐ పెట్టకండి. ఏటీఎం కార్డు మీ ఆవిడ బీరువాలో ఉండాలి.

ఇంకో సంగతి. మీరు రాసిన లెక్క ప్రకారం నెలకి 5,000 మిగలాలి. నిజంగా మిగిలితే ఏడాదికి 60,000 పోగవ్వాలి. బ్యాంకులో 18,000 దగ్గరే ఆగిందంటే అది మిగలడం లేదు, నెలాఖరులోపు ఎక్కడో కరిగిపోతోంది. కార్డు వాయిదా 1,600, ఆర్డీ 2,000, ఈ 5,000 కలిపితే నెలకి 8,600. జీతం పడ్డ మర్నాడే ఇది పక్కకి వెళ్లిపోవాలి. అందులో 4,600 అత్యవసర నిధికి, 4,000 వేసవి ఖాతాకి.

వేసవి ఖాతాలో నెలనెలా పడే 4,000తోనే ఈ మూడు నెలలు గడవాలి. ఒక్క ఏసీ అద్దెకి తీసుకోండి. అద్దె రెండు వేల లోపు కుదిరితే మిగతా రెండు వేలు కరెంటుకి సరిపోతాయి. బిగించే ఖర్చు, గ్యాస్ నింపే ఖర్చు, మధ్యలో పాడైతే ఎన్ని రోజుల్లో వస్తారు, ఇవన్నీ ముందే కాగితం మీద రాయించుకోండి. పాత ఇల్లయితే వైరింగ్ ఏసీ లోడు తట్టుకుంటుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, ఇంటి ఓనరు గారికి చెప్పి బిగించండి. అది అమ్మ గదిలోనే ఉండాలి. మే నెలంతా పిల్లలూ మీరూ ఆ గదిలోనే చాపలు పరుచుకోండి. 26లో పెట్టి ఫ్యాన్ తిప్పండి. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. ఇన్వర్టర్ ఇప్పుడు వద్దు. ఇళ్లలో పెట్టుకునే మామూలు ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు.

జూలై నుంచి అదే 4,000 పోగుచేస్తే వచ్చే మార్చికి 36,000 అవుతుంది. అప్పుడు డబ్బిచ్చి సొంత ఏసీ కొనుక్కోండి. అప్పటికి అత్యవసర నిధి 84,000 దాటుతుంది. కార్డు, ఆర్డీ తీసేస్తే మీ ఇంటి ఖర్చు 35,400 కాబట్టి అది రెండు నెలలకి పైగా సరిపడే డబ్బు. మూడు నెలల ఖర్చు చేరేదాకా ఆపకండి.

ఏసీ లేని గంటల గురించీ, రెండో గది గురించీ కొంచెం చెప్పాలి. ఏసీ కొనలేని ఇళ్లు మన ఊళ్లో ఎన్నో ఉన్నాయి కదా. మీ వేడి ఎండ నుంచి సూటిగా రావడం లేదు, పైకప్పు స్లాబు నుంచి వస్తోంది. పగలంతా తాగిన వేడిని అది రాత్రి కక్కుతుంది. అందుకే మీ పరుపు పదకొండుకి కూడా కాలుతోంది. ఓనరు గారిని అడిగి డాబా మీద సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించండి. వీలైతే అమ్మ గది పైన, స్లాబుకి తగలకుండా నాలుగడుగుల ఎత్తున గ్రీన్ నెట్ గానీ తాటాకు పందిరి గానీ కట్టించండి. పడమటి కిటికీ మధ్యాహ్నం మూసి ఉంచి, సముద్రపు గాలి తిరిగాక అన్నీ తెరవండి. కూలర్ కొనొద్దు. పొడిగాలి ఉన్న ఊళ్లలో అది బాగా పనిచేస్తుంది. మన దగ్గర గాలిలో ముందే తడి ఉంటుంది కాబట్టి గది ఇంకా ఉక్కగా తయారవుతుంది. 36 డిగ్రీలకే మనకి ప్రాణం పోతున్నట్టుండేదీ అందుకే, పట్టిన చెమట ఆరదు. ఫ్యాన్ మార్చాల్సి వస్తే బీఎల్‌డీసీ తీసుకోండి, పాత ఫ్యాన్ లాగే కరెంటులో సగం కంటే తక్కువతో తిరుగుతుంది.

అమ్మ బీపీ మాత్రల గురించి మే నెల రాకముందే డాక్టర్‌ని అడగండి. కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయి, ఎండాకాలంలో డోసు మార్చాలేమో ఆయనే చెప్పాలి. మజ్జిగ, చోడి (రాగి) అంబలి ఎంత తాగొచ్చో, ఉప్పు ఎంత వెయ్యాలో కూడా అడిగి రాసుకోండి. మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా తడిబట్టతో తుడుస్తూ వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. సాయంత్రం దాకా చూద్దామనుకోవద్దు.

బీమా సంగతి కూడా తేల్చుకోండి. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మ పేరు ఉందా? రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవకి మీ కుటుంబం అర్హమేనా? ఈ రెండూ ఈ వారమే కనుక్కోండి. 70 నిండాక ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వస్తుంది, దానికింకా రెండేళ్లుంది. ఈలోగా ఆవిడకి అక్కరకొచ్చేది ఆ 29,500తో మొదలయ్యే ఖాతాయే.

ఈ నిధి గురించి ఇంత పట్టుబడుతున్నది పుస్తకాల్లో చదివి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. స్తంభాలు విరిగి రోజుల తరబడి కరెంటు లేదు. ఏటీఎంలు పనిచెయ్యలేదు. పాల ప్యాకెట్ చెప్పిన ధరకి కొనాల్సి వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ గంట లెక్కన అద్దెకి తెచ్చుకుని పై ట్యాంకుకి నీళ్లు ఎక్కించుకున్నాం. వాటా అడిగినప్పుడు కింద ఇంటి మామ్మగారు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, తవుడు అంటిన నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చారు. నాకంటే పెద్ద జీతాలున్న ఇద్దరు ఆవిడ దగ్గరే చేబదులు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను. అప్పటి నుంచి నా ఇంట్లో 5,000 నోట్ల రూపంలో ఉంటోంది. మీరూ ఆ 29,500లో 3,000 ఇంట్లోనే ఉంచండి.

రేపు బ్యాంకుకి వెళ్లి ఆర్డీ మూయించాక, కార్డు బాకీ సున్నా అయినట్టు స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. కట్టిన తరువాత కూడా మధ్య రోజుల వడ్డీ కొంత తరువాతి బిల్లులో పడుతుంది, అదీ కట్టేస్తేనే బాకీ తీరినట్టు. ఏసీ బిగించాక వచ్చే మొదటి కరెంటు బిల్లులో యూనిట్లు చూసి నాకు రాయండి. నేను వేసుకున్న 420కి మించితే గంటలు తగ్గించాలో, వేసవి ఖాతాకి ఇంకో అయిదు వందలు చేర్చాలో అప్పుడు చూద్దాం.